పాత అట్ట పుస్తకం లైసెన్సు నుంచి స్మార్ట్ కార్డుకి: కోలారులో ఇచ్చినది, ఇప్పుడు ఉండేది బెంగళూరులో

కైవారం క్రాస్ అడిగారు:

అందరికీ నమస్కారం. పాత లైసెన్సును కార్డుగా మార్చుకునే విషయంలో సలహా కావాలి. వివరాలన్నీ ముందే రాస్తున్నాను.

లైసెన్సు చేత్తో రాసిన అట్ట పుస్తకం. 14-11-2006న కోలారు ఆర్టీవో ఇచ్చింది. నంబరు 2314/2006-07. గేరున్న మోటార్ సైకిలు, ఎల్ఎంవీ (కారు లాంటి తేలికపాటి వాహనం) రెండూ ఉన్నాయి. రెండూ సొంత వాడకానికే, ఎల్లో బోర్డు (కిరాయి) బండ్లకి కాదు. గడువు 13-11-2026తో అయిపోతుంది. పుట్టిన సంవత్సరం 1979. పుస్తకంలో చిరునామా చింతామణి తాలూకాది, ఆధార్‌లో కేఆర్ పురంది. పుస్తకంలో ఇంటిపేరు పొడి అక్షరంగా పేరుకి ముందుంది, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు చివర ఉంది.

పుస్తకం నడిమి మడత సగం దాకా తెగింది. ఫోటో మీద పడిన గుండ్రటి ముద్రలో ఊరి పేరు వరకు కనిపిస్తోంది, మిగతాది చెరిగింది. నంబరు, తేదీలు నీలం సిరాతో ఉన్నాయి, చదవడానికి వస్తున్నాయి.

లైసెన్సుల ప్రభుత్వ సైటు సారథిలో నంబరు కొడితే రికార్డు లేదంటోంది. నేను చేయించాల్సింది రీప్లేస్‌మెంటా, డూప్లికేటా, రెన్యూవలా? వెళ్లాల్సింది కోలారుకా, చింతామణికా, కేఆర్ పురంకా? ఇదంతా వద్దు, కొత్తగా ఎల్ఎల్ (లెర్నర్ లైసెన్సు) తీసుకుని కొత్త లైసెన్సే చేయించుకోమని ఒక ఏజెంటు అంటున్నాడు. అది సరైన పనేనా? పుస్తకం చిరిగిపోకుండా లామినేషన్ చేయించమంటారా?

జయనగర్ నాలుగో బ్లాక్:

లామినేషన్ మాత్రం చేయించకండి. సిరా, ముద్ర, ఫోటో అంచు చేత్తో తాకి, వెలుతురులో వంచి చూసిగానీ గుమాస్తా నమ్మడు. వేడి ప్లాస్టిక్ ఒకసారి అంటుకుందంటే మళ్లీ ఊడదు. ఊడదీస్తే సిరా దాంతోపాటే వస్తుంది. పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టండి చాలు. ఈ రోజే ప్రతి పేజీకీ, ఖాళీ పేజీలతో సహా, పగటి వెలుతురులో ఫోటో తీసి ఉంచండి. ముద్ర ఉన్న పేజీని కిటికీ పక్కన కాస్త ఏటవాలుగా పట్టుకుని ఇంకో రెండు ఫోటోలు తీయండి. నేరుగా తీస్తే కనపడని అక్షరాలు అలా తీస్తే కనిపిస్తాయి.

ఇక నంబరు సంగతి. రికార్డు లేదని వచ్చినంత మాత్రాన నిజంగా లేదనుకోకండి. పాత నంబరును పుస్తకంలో ఉన్నట్టే కొడితే సారథికి అర్థం కాదు. దాని వరుస ఇది: రెండక్షరాల రాష్ట్రం కోడు, రెండంకెల ఆర్టీవో కోడు, నాలుగంకెల సంవత్సరం, ఆపైన ఏడంకెల వరుస నంబరు. కోలారు కోడు 07. మీ వరుస నంబరు 2314 నాలుగంకెలే కాబట్టి ముందు మూడు సున్నాలు చేరాలి. అంటే కేఏ07 అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, 20060002314 కొట్టాలి. ఖాళీ వద్దనుకుంటే కేఏ తర్వాత అడ్డగీత పెట్టి కేఏ-0720060002314 అనీ కొట్టొచ్చు. ఖాళీ, అడ్డగీత రెండూ పెట్టినా, రెండూ మానేసినా దొరకదు. ఎక్కువమంది తడబడేది సున్నాల దగ్గరే. ఏడంకెలు వచ్చాయో లేదో వేలితో లెక్కపెట్టుకోండి.

2006-07 అనేది ఆర్థిక సంవత్సరం. మీకు నవంబర్‌లో ఇచ్చారు కాబట్టి 2006 రావాలి. ఎక్కించినవాళ్లు 2007 అని కొట్టి ఉండే అవకాశమూ ఉంది, రెండూ ప్రయత్నించండి. పుట్టిన తేదీ కూడా కలవాలి. పుస్తకంలో ఉన్న తేదీతో ఒకసారి, ఆధార్ తేదీతో ఒకసారి చూడండి. పుస్తకంలో సంవత్సరం ఒక్కటే ఉంటే జనవరి 1 వేసి చూడండి.

ఇవన్నీ చేసినా దొరకకపోతే అప్పుడు నిజంగానే మీ లైసెన్సు కంప్యూటర్లోకి ఎక్కలేదు. దీన్ని ఆఫీసుల్లో బ్యాక్‌లాగ్ ఎంట్రీ అంటారు. అది లైసెన్సు ఇచ్చిన ఆఫీసే చేయాలి. కేఏ07 నంబరు కేఆర్ పురం లాగిన్ నుంచి పుట్టదు, పైగా సరిచూడాల్సిన చేతిరాత రిజిస్టరు ఉండేది కోలారులోనే. చిక్కబళ్లాపుర జిల్లా కోలారు నుంచి విడిపోయింది 2007లో. మీ పుస్తకం అంతకు ముందుది. తాలూకా ఇప్పుడు ఏ జిల్లాలో ఉందన్నది చూడక్కర్లేదు, ముద్ర మీద ఏ ఊరుంటే ఆ ఊరికే వెళ్లాలి. మీకది కోలారు.

ఏజెంటు మాట వినకండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 6 ప్రకారం గడువున్న లైసెన్సు చేతిలో ఉండగా ఇంకొకటి ఉంచుకోకూడదు. ఉన్నది దాచి కొత్తది తీసుకుంటే దరఖాస్తులో అబద్ధం రాసినట్టే. దానికి తోడు 2006 నుంచి ఉన్న మీ లైసెన్సు వయసంతా పోతుంది.

హొస్కోటె టోల్:

పైవారు చెప్పినదానికి కలుపుతున్నాను.

మీకు రీప్లేస్‌మెంట్, డూప్లికేట్ రెండూ అక్కర్లేదు. రెన్యూవల్, చిరునామా మార్పు ఒకే దరఖాస్తులో పెట్టుకోండి. సారథిలో లైసెన్సు సేవల పేజీలో రెండు టిక్కులూ ఒకేసారి పెట్టొచ్చు. ఆ రెండూ ఆమోదం పొందితే వచ్చేదే స్మార్ట్ కార్డు, మార్పిడి కోసం వేరే దరఖాస్తు ఉండదు. ఇప్పుడు రీప్లేస్‌మెంట్ చేయించి నవంబర్‌లో రెన్యూవల్ చేయిస్తే కార్డు ఫీజు రెండుసార్లు, తిరుగుడూ రెండుసార్లు.

రీప్లేస్‌మెంట్ ఎవరికంటే, పుస్తకం చిరిగినా గడువు ఇంకా ఏడాదికి మించి ఉన్నవాళ్లకి. రెన్యూవల్‌కి గడువు తేదీకి ఏడాది ముందు నుంచి మాత్రమే తీసుకుంటారు. డూప్లికేట్ అనేది నిజంగా పోగొట్టుకున్నవాళ్లకి. దానికి లైసెన్సు పోయిందని తెలిపే ఎల్ఎల్‌డీ ఫారం, పోలీసుల దగ్గర పోయినట్టు రసీదు కావాలి. బెంగళూరులో ఆ రసీదు పోలీసుల ఆన్‌లైన్ సేవ ఈ-లాస్ట్ ద్వారా ఇంటి నుంచే వస్తుంది. అది సులువు కదా అని పుస్తకం చేతిలో పెట్టుకుని పోయిందని రాయకండి. రికార్డే ఎక్కని లైసెన్సుకి డూప్లికేట్ కూడా రాదు, మళ్లీ అదే కోలారు మెట్లెక్కాలి. పైగా అప్పుడు చూపించడానికి పుస్తకం ఉండదు.

మీకు 40 దాటాయి కాబట్టి ఫారం 1ఏ తప్పనిసరి. మెడికల్ సర్టిఫికెట్ అంటే అదే. రిజిస్టరైన డాక్టర్ సంతకం, ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు మూడూ ఉండాలి. ఫోటో అంటించాక డాక్టర్ సంతకం సగం ఫోటో మీద, సగం కాగితం మీద పడాలి. ఎక్కువగా వెనక్కి వచ్చేది ఇక్కడే: సంతకం కింద చేసి ఫోటో వదిలేస్తారు. అందులో అడిగే వాటిలో ముఖ్యమైనవి రెండు. పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలరా, ఎరుపు ఆకుపచ్చ రంగుల తేడా పోల్చగలరా అని. కళ్లద్దాలు వాడేవాళ్లు పెట్టుకునే వెళ్లండి.

ఫీజులు కేంద్ర నిబంధనల ప్రకారం రెన్యూవల్‌కి 200, చిరునామా మార్పుకి 200, స్మార్ట్ కార్డుకి 200 రూపాయలు. పైన చిన్న సర్వీసు చార్జీలు కలుస్తాయి, చెల్లించే పేజీలో మొత్తం కనిపిస్తుంది. డబ్బు కట్ అయ్యి రసీదు రాకపోతే రెండోసారి కట్టకండి. ఫీజుల మెనూలోనే చెల్లింపు స్థితి సరిచూసే లింకు ఉంది, దరఖాస్తు నంబరు వేస్తే బ్యాంకు నుంచి తెచ్చుకుని రసీదు ఇస్తుంది. వెంటనే రాకపోతే మర్నాడు చూడండి.

ఫోటో, సంతకం ఫైళ్లు 20 కేబీ లోపు ఉండాలి. ఫోన్లో తీసిన సంతకం బూడిద రంగు నేపథ్యంతో వస్తే కార్డు మీద మచ్చలా పడుతుంది. తెల్ల కాగితం మీద నల్ల పెన్నుతో చేసి, అంచుల దాకా కత్తిరించి ఎక్కించండి.

గడువు గురించి ఒక మాట. 2019 సవరణ తర్వాత 30 నుంచి 50 ఏళ్ల మధ్య వాళ్లకి రెన్యూవల్ పదేళ్లకి ఇస్తున్నారు. పాత పద్ధతిలో ఇచ్చిన ఇరవై ఏళ్లు ఇక రావు. 50 నుంచి 55 మధ్య చేయిస్తే 60 ఏళ్లు నిండేదాకా, 55 దాటితే ఐదేసి ఏళ్లు.

కైవారం క్రాస్:

చాలా థ్యాంక్సండీ. సున్నాలు చేర్చి 2006తో, 2007తో, రెండు పుట్టిన తేదీలతో చూశాను. నాలుగుసార్లూ లేదనే వచ్చింది. కాబట్టి కోలారుకే.

అక్కడికి ఏమేం పట్టుకెళ్లాలి? ఎలాగూ వెళ్తున్నాను కదా, రెన్యూవల్ కూడా అక్కడే చేయించేస్తే పనైపోతుందేమో? పేరు తేడా గురించి కూడా చెప్పండి.

జయనగర్ నాలుగో బ్లాక్:

కోలారులో బ్యాక్‌లాగ్ ఎంట్రీ ఒక్కటే చేయించండి. చిరునామా కేఆర్ పురం అంటున్నారు కాబట్టి రెన్యూవల్ కేఆర్ పురం ఆర్టీవో, అంటే కేఏ53 కిందకి వస్తుంది. రెన్యూవల్ ఏ లైసెన్సింగ్ అధికారైనా చేయొచ్చని సెక్షన్ 15లోనే ఉంది. ఒకచోట ఇచ్చినదాన్ని ఇంకోచోట రెన్యూ చేస్తే ఇచ్చిన ఆఫీసుకి తెలియజేసే బాధ్యత కూడా వాళ్లదే. కోలారులో రెన్యూవల్ పెట్టుకుంటే ఫోటోకి ఒకరోజు, ఏదైనా తిరిగి వస్తే ఇంకోరోజు, వెళ్లిన ప్రతిసారీ అంత దూరం.

పట్టుకెళ్లాల్సినవి: అసలు పుస్తకం, దాని అన్ని పేజీల జెరాక్సు రెండు సెట్లు, ఆధార్ జెరాక్సు, పుట్టిన తేదీకి పదో తరగతి మార్కుల కార్డు లేదా పాస్‌పోర్టు, రెండు ఫోటోలు. ఒక తెల్ల కాగితం మీద అర్జీ రాసుకోండి. కన్నడలో రాస్తే పని త్వరగా కదులుతుంది, ఇంగ్లీషులో ఉన్నా తీసుకుంటారు. అర్జీలో లైసెన్సు నంబరు, ఇచ్చిన తేదీ, గడువు తేదీ, వాహనాల తరగతులు, మీ మొబైల్ నంబరు స్పష్టంగా ఉండాలి. అర్జీ ఇచ్చాక ఇన్వర్డ్ నంబరు (అందినట్టు వేసే నంబరు), ముద్ర వేయించుకున్న కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఆ నంబరు లేకుండా మళ్లీ వెళ్తే మీ కాగితం ఏ బల్ల మీద ఉందో ఎవరూ చెప్పలేరు.

లోపల జరిగేది ఇది. గుమాస్తా పాత రిజిస్టరు తీసి మీ వరుస నంబరు దగ్గర పేరు, తేదీ కలుస్తున్నాయో చూస్తాడు. కలిస్తే సారథిలో కొడతాడు, పై అధికారి తన లాగిన్‌లో ఆమోదిస్తారు. ఆమోదం పడేదాకా బయట సైట్లో ఏమీ కనపడదు. పుస్తకం చూపించి వెనక్కి తీసుకోండి, అక్కడే వదిలి రాకండి.

ఇప్పుడు అసలైన జాగ్రత్త. కార్డు అచ్చయి రావడం చివరి చిన్న పని. మీ జీవితమంతా నడిచేది ఈ రోజు గుమాస్తా కొట్టే రికార్డు మీదే. ఇందులో జరిగే తప్పులు మళ్లీ మళ్లీ అవే.

ఒకటి, తరగతి పడిపోవడం. పుస్తకంలో మోటార్ సైకిలు, కారు ఒకే గీతలో రాసి ఉంటాయి. కొట్టేటప్పుడు ఎల్ఎంవీ ఎక్కించి గేరున్న మోటార్ సైకిలు వదిలేస్తారు. కార్డు వచ్చాక చూసుకుంటే అది కొత్త తరగతి చేర్చడం కిందకి పోతుంది. అంటే మళ్లీ ఎల్ఎల్, టెస్టు, ఫీజు.

రెండు, గడువు తేదీ. 2026ని 2016గా కొట్టారంటే సిస్టమ్ మీ లైసెన్సు పదేళ్ల క్రితమే ముగిసిందనుకుంటుంది. రెన్యూవల్ పెట్టగానే ఆలస్య రుసుము, టెస్టు అడుగుతుంది. చేతిరాతలో 1, 2 ఒకేలా ఉండే పుస్తకాల్లో ఇది జరుగుతుంది. అందుకే అర్జీలో తేదీలు అంకెల్లోనే కాకుండా నెల పేరుతో సహా అక్షరాల్లో రాయమంటాను.

మూడు, పేరు. పుస్తకంలో పేరు కన్నడలో ఉంటే దాన్ని ఇంగ్లీషులోకి మార్చేది గుమాస్తా. రెడ్డి చివర ఐ పెడతారా, వై పెడతారా, లక్ష్మిలో కేఎస్‌హెచ్ రాస్తారా, ఎక్స్ రాస్తారా అన్నది ఆయన చేతిలో ఉంటుంది. ఆధార్ జెరాక్సు పక్కన పెట్టి అక్షరం అక్షరం అలాగే కొట్టమని మర్యాదగా అడగండి. మీ పొడి అక్షరం సంగతి: రిజిస్టరులో పొడి అక్షరం ఉంటే గుమాస్తా సొంతంగా పూర్తి ఇంటిపేరు ఎక్కించలేడు. పొడి అక్షరంతోనే ఎక్కుతుంది. రెన్యూవల్ వేసేటప్పుడు మూడో టిక్కుగా పేరు మార్పు కూడా పెట్టుకోండి. పాత పేరు, కొత్త పేరు ఒకే మనిషివని చూపడానికి మార్కుల కార్డుతో పాటు నోటరీ అఫిడవిట్ దగ్గర పెట్టుకోండి.

నాలుగు, మొబైల్ నంబరు. ఏజెంటు ద్వారా చేయిస్తే ఆయన తన నంబరు వేస్తాడు. ఆ తర్వాత ప్రతి ఓటీపీ ఆయనకే పోతుంది, ఏ పని కావాలన్నా ఆయన దగ్గరికే వెళ్లాలి.

హొస్కోటె టోల్:

కేఆర్ పురం పనికి సంబంధించి కొంచెం. దరఖాస్తు వేసేటప్పుడు ఆధార్ ద్వారానా, ఆధార్ లేకుండానా అని అడుగుతుంది. ఆధార్ ఓటీపీతో వెళ్తే చిరునామాకి వేరే రుజువు అక్కర్లేదు. కానీ ఆధార్‌లో ఉన్న పేరు, పుట్టిన తేదీ రికార్డుతో కలవకపోతే అక్కడే ఆగిపోతుంది. పొడి అక్షరం తేడా ఉన్నవాళ్లు మొండిగా ఓటీపీ దారినే పోవద్దు. మామూలు దారిలో కాగితాలు ఎక్కించి, స్లాట్ తీసుకుని, ఆఫీసుకి వెళ్లి ఫోటో దిగడం నయం.

స్లాట్ రోజు అసలు పుస్తకం, ఫారం 1ఏ అసలు కాపీ, దరఖాస్తు ప్రింటు, ఫీజు రసీదు, అన్నిటి జెరాక్సులు ఉండాలి. అక్కడ ఫోటో తీస్తారు కాబట్టి తెల్ల చొక్కా వేసుకోకండి, వెనక తెర తెల్లగా ఉంటే భుజాలు కలిసిపోతాయి. పాత పుస్తకం అక్కడ తీసేసుకోవచ్చు. అందుకే పేజీల ఫోటోలు ముందే తీయమన్నది.

కార్డు స్పీడ్ పోస్టులో దరఖాస్తులో ఉన్న చిరునామాకి వస్తుంది. అపార్ట్‌మెంటు అయితే బ్లాకు, ఫ్లాటు నంబరు పడ్డాయో లేదో చూడండి. తలుపు తాళం ఉంటే తిరిగి ఆర్టీవోకి పోతుంది, గుర్తింపు కార్డు చూపించి అక్కడ తెచ్చుకోవాలి. ఈలోగా పోలీసులు ఆపితే డిజీలాకర్ లేదా ఎంపరివాహన్‌లో ఉన్నది చూపించండి. 2018లో కేంద్ర మోటారు వాహనాల నిబంధన 139 సవరించాక వాటిలో ఉన్న లైసెన్సు అసలుతో సమానం. గ్యాలరీలో ఉన్న ఫోటోకి మాత్రం ఆ విలువ లేదు. రికార్డు సారథిలోకి ఎక్కనంత వరకు డిజీలాకర్ కూడా ఏమీ ఇవ్వదు కాబట్టి అప్పటిదాకా బండిలో అసలు పుస్తకం ఉండాలి.

మదనపల్లె బస్సు:

ఇదే విషయంలో నాదీ ఒక ప్రశ్న, ఇక్కడే అడుగుతున్నాను. మా అన్నయ్య ఉండేది మారతహళ్లిలో. లైసెన్సు 1998 జూన్‌లో చిత్తూరులో తీసుకున్న పుస్తకం. గడువు 2018 జూన్‌తో అయిపోయింది, రెన్యూ చేయించలేదు. మోటార్ సైకిలు, కారు రెండూ ఉన్నాయి. పుట్టింది 1974. చిత్తూరు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెమ్మని ఒకరు, అవసరం లేదని ఒకరు అంటున్నారు.

పలమనేరు ఘాట్:

మీ అన్నయ్యగారి విషయం పై ప్రశ్న కంటే పూర్తిగా వేరండీ. అక్కడ బతికున్న లైసెన్సు, ఇక్కడ ముగిసి ఏళ్లయినది.

ముందు ఎన్‌ఓసీ. చట్టంలో లైసెన్సు దేశమంతా చెల్లుతుంది. బండి రిజిస్ట్రేషన్ మార్చడానికి ఎన్‌ఓసీ కావాలి, లైసెన్సుకి అలాంటి షరతు లేదు. కర్ణాటక ఆఫీసులు అడిగేది ఎందుకంటే, చేతిరాత పుస్తకం అసలైనదేనని వాళ్లకి తెలిసే దారి లేక. సారథిలో రికార్డు కనపడితే ఆ అనుమానం ఉండదు, చిరునామా మార్పు అక్కడికక్కడే నడుస్తుంది. కనపడకపోతే చిత్తూరు రవాణా ఆఫీసుకి, మనవాళ్లు బ్రేకిన్‌స్పెక్టర్ ఆఫీసు అనేదానికి, వెళ్లి రికార్డు ఎక్కించుకోవాలి. నంబరు లెక్క ఒకటే, ఆంధ్రలో చిత్తూరు కోడు 03. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు 26 అయ్యాయని మదనపల్లె, తిరుపతి అని తిరగకండి. ముద్ర చిత్తూరుదైతే చిత్తూరే.

హైదరాబాదులో తీసుకున్నవాళ్లకి ఇంకో మెలిక ఉంది. తెలంగాణ రవాణా శాఖ చాలా ఏళ్లు తన సొంత సాఫ్ట్‌వేర్ మీదే నడిచింది. అందుకే అక్కడి లైసెన్సు, కార్డు రూపంలో ఉన్నా సరే, సారథిలో దొరకకపోవచ్చు. వాళ్లు ముందుగా తెలంగాణ శాఖ సైట్లో స్లాట్ తీసుకుని ఇచ్చిన ఆఫీసు నుంచి ధ్రువీకరణ తెచ్చుకోవాలి.

ఇక గడువు. ముగిసిన ఏడాదిలోపు అయితే టెస్టు లేకుండా రెన్యూ అవుతుంది. ఏడాది దాటితే డ్రైవింగ్ టెస్టు పాసైతేనే చేస్తారు. ఇది సెక్షన్ 15లోనే ఉంది, ఆఫీసువాళ్ల ఇష్టం కాదు. ఫీజు కూడా మారుతుంది: 200 బదులు 300, దానిపైన ఆలస్యమైన ప్రతి ఏడాదికీ, అందులో భాగానికీ 1000 రూపాయలు. 2018 నుంచి లెక్కేస్తే ఎనిమిది వేల చుట్టూ ఉంటుంది, టెస్టు ఫీజు తరగతికి 300 అదనం.

అందుకే ఇలాంటి కేసులో కొత్తగా తీసుకోవడం తప్పు కాదు. సెక్షన్ 6 అడ్డుపడేది గడువున్న లైసెన్సు ఉన్నవాళ్లకి. రెండు తరగతులకి ఎల్ఎల్ 300, ఎల్ఎల్ పరీక్ష 50, తర్వాత డ్రైవింగ్ టెస్టు 600, లైసెన్సు 200, కార్డు 200. మొత్తం 1350, పైన సర్వీసు చార్జీలు. ఎలాగూ టెస్టు రెండు దారుల్లోనూ ఉంది. తేడా ఏమంటే ఎల్ఎల్ తీసుకున్నాక 30 రోజులు ఆగాలి, ఆరు నెలల్లోపు టెస్టు ముగించాలి, పాత తేదీ పోతుంది. విదేశాల్లో లైసెన్సు మార్పిడికి ఎన్నేళ్ల అనుభవం అని అడిగే చోటికి వెళ్లే ఆలోచన ఉంటేనే పాతదాని మీద ఖర్చు పెట్టాలి. లేకపోతే కొత్తదే మేలు. దరఖాస్తులో పాత లైసెన్సు ఉండేదని, ముగిసిందని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. 40 దాటారు కాబట్టి ఎల్ఎల్‌కీ ఫారం 1ఏ కావాలి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. అప్పటిదాకా ఆయన్ని బండి తీయనివ్వకండి. ముగిసిన తర్వాత 30 రోజులు చెల్లుతుందన్న పాత వెసులుబాటును 2019లో తీసేశారు. ముగిసిన మర్నాటి నుంచే లైసెన్సు లేనట్టు. ప్రమాదం జరిగితే సొంత బండి నష్టానికి బీమా కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. ఎదుటివాళ్లకి ముందు ఇచ్చినా తర్వాత ఆ మొత్తం బండి యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. జరిమానా కంటే ఇది ఎన్నో రెట్లు బరువు.

మదనపల్లె బస్సు:

అర్థమైందండీ. కొత్తదానికే వెళ్తాం. ఆయన పుస్తకంలో ట్రాన్స్‌పోర్టు (కిరాయి వాహనాల) ముద్ర కూడా ఒకటుంది, 2004లో ముగిసింది. అదీ మళ్లీ తీసుకోవాలా?

పలమనేరు ఘాట్:

అక్కర్లేదు. 7,500 కిలోల లోపు వాహనానికి ఎల్ఎంవీ చాలని, వేరే ట్రాన్స్‌పోర్టు అనుమతి అవసరం లేదని సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 నవంబర్ 6న తేల్చింది. పెద్ద లారీ, బస్సు నడిపేవాళ్లకి ఆ తరగతి కావాలి.

కైవారం క్రాస్:

చివరిగా ఒకటి. కోలారులో ఎక్కించారని ఎలా తెలుసుకోవాలి? వాళ్లు ఫోన్ చేస్తారా?

జయనగర్ నాలుగో బ్లాక్:

చేస్తారని కూర్చోకండి. పరివాహన్ సైట్లో లైసెన్సు వివరాలు చూసే పేజీ ఉంది. నంబరు, పుట్టిన తేదీ వేస్తే పేరు, ఇచ్చిన తేదీ, గడువు, తరగతులు వస్తాయి. రోజుకోసారి చూడండి. వారం దాటినా రాకపోతే ఇన్వర్డ్ నంబరు పట్టుకుని వెళ్లండి.

కనిపించిన రోజున ఆగి, పుస్తకం ఫోటోలు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూడండి. ఇచ్చిన తేదీ 14-11-2006, గడువు 13-11-2026, ఎల్ఎంవీ ఒక వరుస, గేరున్న మోటార్ సైకిలు ఇంకో వరుస. ఈ రెండు వరుసల్లో ఒకటే కనిపించినా, ఒక్క అంకె తేడా ఉన్నా, రెన్యూవల్ దరఖాస్తు వేయకండి. అప్పటికి తప్పు దిద్దాల్సింది కోలారు వాళ్లే, ఒక అర్జీతో పోతుంది. రెన్యూవల్ ఆమోదమై కార్డు అచ్చయ్యాక అయితే కేఆర్ పురం వాళ్లు కోలారుని చూపిస్తారు, కోలారు వాళ్లు రికార్డు మా దగ్గర లేదంటారు.

అన్నీ సరిపోతే ముందు సారథిలో మొబైల్ నంబరు మీదేనా చూసి, కాకపోతే మార్చుకుని, ఆ తర్వాతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నవంబర్ దాకా ఆగకండి. బ్యాక్‌లాగ్‌కి ఎన్ని రోజులు పడుతుందో ముందే తెలియదు, 13వ తేదీ దాటితే బండి ఇంట్లో పెట్టాల్సిందే.